నాకు వీఆర్ పడదు

మా వైపు బస్సులో వాంతులయ్యేవాళ్ళు తమకేదో రోగం ఉందని అనుకోరు. "నాకు బస్సు పడదు" అంటారు, అంతే. గిద్దలూరు నుంచి నల్లమల దాటి నంద్యాల వెళ్ళే బస్సయినా, మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం ఎక్కే బస్సయినా ఒక్కసారి ఎక్కితే చాలు, ఈ మాట వినబడుతుంది. కిటికీ పక్క సీటు కోసం బతిమాలాటలు, ముక్కు దగ్గర నిమ్మకాయ, సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకున్న పాలిథిన్ కవర్లు, "టాబ్లెట్ వేసుకున్నావా?" అని వెనక సీట్లోంచి ఒక గొంతు. మలుపులు మొదలయ్యాక కాసేపు బస్సంతా నిశ్శబ్దం.

"పడదు" మంచి మాట. కొందరికి కొత్త ఊరి నీళ్ళు పడవు. కొందరికి వంకాయ పడదు. కొందరు అన్నదమ్ములకి ఒకరంటే ఒకరికి పడదు. ఎక్కడ వాడినా అది ఇద్దరి మధ్య సంగతి చెబుతుంది. తప్పు వంకాయదా, తిన్నవాడిదా అని తీర్పు చెప్పదు. ఇంగ్లీషువాళ్ళు దీన్నే సిక్‌నెస్ అన్నారు. బస్సులో వస్తే మోషన్ సిక్‌నెస్, హెడ్‌సెట్‌లో వస్తే సైబర్ సిక్‌నెస్. ఆ మాట రాగానే రోగం, రోగి, మందు వరసగా వచ్చేస్తాయి. గొడవ మొత్తం ఒకరి ఒంట్లోకి చేరిపోతుంది.

వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్లు మామూలు జనం కొనుక్కునే వస్తువులై పదేళ్ళు దాటింది. 2014లో గూగుల్ కార్డ్‌బోర్డ్, 2016లో ఆకులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్ వచ్చాయి. వాటితో పాటే ఒక పెద్ద మాట కూడా వచ్చింది. కథ చెప్పడంలో ఇది సినిమాకి తర్వాతి మెట్టట. నవలకి చేతకానిది ఇది చేస్తుందట. చూసేవాణ్ణి కథ బయట కూర్చోబెట్టకుండా నేరుగా లోపలికే తీసుకుపోతుందట. ఈ పెద్ద మాట మీద విమర్శకులు బోలెడు రాశారు. ఆ లోపలికి వెళ్ళినవాళ్ళలో కొందరికి పది నిమిషాల్లో కడుపులో తిప్పుతుందన్న చిన్న మాటని మాత్రం ఇంజినీర్లకి వదిలేశారు. నేను ఇంజినీర్నే. అయినా ఈ చిన్న మాట విమర్శకులది కూడా అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

*

పోయిన సంక్రాంతికి హెడ్‌సెట్ గిద్దలూరు పట్టుకెళ్ళాను. మా అమ్మకి శ్రీశైలం అంటే ప్రాణం, ఘాట్ రోడ్డంటే భయం. బస్సు దోర్నాల దాటిందంటే ఇక తల ఎత్తదు. ఆమె మల్లన్న దర్శనానికి వెళ్ళి నాలుగేళ్ళయింది. నెట్‌లో ఎవరో కారు మీద కెమెరా బిగించి తీసిన 360 డిగ్రీల వీడియో ఒకటి దొరికింది. అడవి, మలుపులు, చివర్లో గోపురం. ఘాట్ రోడ్డు బాధ లేకుండా శ్రీశైలం చూపించేద్దామనుకున్నాను. వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేసి, కూర్చోబెట్టి తగిలించాను. మొదటి నిమిషం "అబ్బ, చెట్లు చూడు" అంది. రెండో నిమిషంలో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. మూడో నిమిషంలో తీసేయమంది. నేను తీసేలోపే కక్కుకుంది.

మొహం కడుక్కొచ్చి, "ఏంది నాయనా ఇది, కూచున్న కాడే ఘాట్ రోడ్డు ఎక్కిచ్చినావు" అంది. కాసేపాగి, "బస్సులో అయితే కక్కుకున్నా దిగినాక గుడి ఉంటది. ఇది తీస్తే ఏముంది, మన వసారానే గదా" అంది.

ఫ్రేమ్ రేటు గురించి ఏదో చెప్పబోయి ఊరుకున్నాను. వీఆర్ మీద నేను చదివిన చాలా సమీక్షల కంటే ఆ రెండో వాక్యం సూటిగా ఉంది. ఎందుకో చెప్పాలంటే ముందు చెవి లోపలికి వెళ్ళాలి.

లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. తల ఎటు తిరిగినా ఆ ద్రవం కదలికే మెదడుకి కబురు. వాటి పక్కనే ఉన్న చిన్న సంచుల్లాంటి భాగాలు తల వంగిందా, వేగం పెరిగిందా తగ్గిందా అన్నది చెబుతాయి. ఘాట్ రోడ్డులో బస్సు అటూ ఇటూ తిరుగుతుంటే చెవి "కదులుతున్నాం" అంటుంది. కంటికేమో ముందు సీటు వెనక భాగం కనిపిస్తుంటుంది, అది కదలదు కాబట్టి కన్ను "కూర్చునే ఉన్నాం" అంటుంది. ఇద్దరు సాక్షులు, రెండు కథలు. 1975లో రీజన్, బ్రాండ్ అనే పరిశోధకులు ఈ విషయం మీద ఒక పుస్తకం రాశారు. ఇంద్రియాలు చెప్పేవి ఒకదానితో ఒకటీ, మెదడుకి అలవాటైన అనుభవంతోనూ పొసగనప్పుడు వికారం పుడుతుందన్న వివరణ దాంతో బాగా స్థిరపడింది. లోపలి చెవి పూర్తిగా పనిచేయనివాళ్ళకి బస్సులో వాంతులు రావు.

హెడ్‌సెట్‌లో ఇదే గొడవ తిరగబడుతుంది. కన్ను "కదులుతున్నాం" అంటుంది, చెవి "లేదు, వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాం" అంటుంది. బస్సులో అబద్ధం చెప్పేది కన్ను, చెవి మాట నిజం. హెడ్‌సెట్‌లోనూ అంతే. తేడా ఏమిటంటే బస్సులో కంటికి ఎవరూ అబద్ధం నేర్పలేదు, దానికి కనబడిందే అంత. హెడ్‌సెట్‌లో మాత్రం నాలాంటి ఇంజినీర్లు పగలూ రాత్రీ కూర్చుని నేర్పారు.

మరి సాక్షులు కొట్టుకుంటే కడుపెందుకు తిరగబడాలి? 1977లో ట్రైస్‌మన్ అనే ఆయన 'సైన్స్' పత్రికలో ఒక ఊహ ప్రతిపాదించాడు. ప్రకృతిలో కన్నూ చెవీ ఇలా పొసగకుండా పోయేది విషం తిన్నప్పుడు. అందుకే మెదడు "ఏదో తినకూడనిది తిన్నాం, బయటికి తోసెయ్" అంటుంది. ఇది ఊహే, దీని మీద వాదాలున్నాయి. కడుపు సంగతి పక్కనపెట్టి నిలకడ వైపు నుంచి చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు. ఒంటిని నిలబెట్టుకునే పట్టు తప్పిపోవడమే అసలు కారణమని రిక్కియో, స్టాఫ్రెగన్ 1991లో వాదించారు. ఏ వివరణ తీసుకున్నా ఒకటి మిగులుతుంది. శరీరం ఇక్కడ చెడిపోలేదు. తనకందిన సాక్ష్యాన్ని పరీక్షించి, నమ్మనంటోంది. విమర్శకుడు చేసే పని కూడా ఇంచుమించు అదే.

*

దీనికి పరిశ్రమ దగ్గర రెండు సమాధానాలున్నాయి.

మొదటిది, "సాంకేతికత ఇంకా పెరగాలి." ఇందులో సగం నిజముంది. తల తిప్పిన క్షణానికీ కళ్ళ ముందు బొమ్మ మారిన క్షణానికీ మధ్య ఆలస్యం దాదాపు 20 మిల్లీసెకన్లు దాటకూడదని ఈ రంగంలో ఒక లెక్క. 2013లో వచ్చిన ఆకులస్ మొదటి డెవలపర్ కిట్ సెకనుకి 60 బొమ్మలు చూపేది. 2016 రిఫ్ట్ 90 చూపింది, అంటే ఒక్కో బొమ్మకి దాదాపు 11 మిల్లీసెకన్ల గడువు. ఆ గడువులో రెండు కళ్ళకి రెండు బొమ్మలు గీయడం ఎంత కష్టమో తెలిసినవాడిగా దీన్ని తక్కువ చేయను. తల తిప్పితే ప్రపంచం ఆలస్యంగా ఈడ్చుకుంటూ రావడం వల్ల కలిగే వికారం నిజంగానే బాగా తగ్గింది.

కానీ మా అమ్మ కక్కుకున్నది ఆ ఆలస్యం వల్ల కాదు. కూర్చున్న మనిషికి కారు కదలిక చూపించడం వల్ల. ఆలస్యాన్ని సున్నాకి తెచ్చినా ఆ గొడవ తీరదు. పైగా చూపు ఎంత వెడల్పుగా కమ్ముకుంటే కన్ను అంత గట్టిగా వాదిస్తుంది, గొడవ పెరుగుతుంది. అందుకే 2016లో వచ్చిన గూగుల్ ఎర్త్ వీఆర్‌లో ఎగురుతున్నప్పుడు చుట్టూ అంచులు నల్లబడి, నడుమ గుండ్రటి కిటికీ మాత్రం మిగిలే ఏర్పాటు పెట్టారు. అదే ఏడు కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫెర్నాండెజ్, ఫైనర్ ఇలా చూపుని ఇరుకు చేస్తే జనానికి సుఖంగా ఉంటుందని ప్రయోగంలో చూపించారు. సినిమా తెరకి ఉన్న చట్రాన్ని చెరిపేస్తామని బయల్దేరినవాళ్ళు, కడుపు పోరు పడలేక చట్రాన్ని మళ్ళీ గీశారన్నమాట.

రెండో సమాధానం, "అలవాటవుతుందిలే." ఓడవాళ్ళు సముద్రపు కాళ్ళు అన్నట్టు వీళ్ళు వీఆర్ కాళ్ళు అంటారు. రోజూ కొంచెం కొంచెం పెట్టుకుంటే వస్తాయట. కొందరికి వస్తాయి కూడా. అయితే ఈ మాటలో ఒక చిన్న నింద దాక్కుంది. రానివాళ్ళు గట్టివాళ్ళు కారు, ఇంకా ఎదగలేదు అని. ఘాట్ రోడ్డు బస్సులో ఈ నింద నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. భార్య కిటికీలోంచి తల బయట పెట్టినప్పుడు మొహం చిట్లించుకుని ఇంకోవైపు చూసే భర్తలని ఎన్నిసార్లో చూశాను. "ఆడోళ్ళకి మామూలే" అని ఎవరో అంటారు.

హెడ్‌సెట్ల విషయంలో ఈ "ఆడోళ్ళకి మామూలే" ప్రయోగశాల దాకా వెళ్ళింది. మునాఫో, డీడ్రిక్, స్టాఫ్రెగన్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో రిఫ్ట్ పెట్టుకుని ఒక భయానక ఆట ఆడిన 18 మంది ఆడవాళ్ళలో 14 మందికి వికారం వచ్చింది, 18 మంది మగవాళ్ళలో 6 మందికి వచ్చింది. ఈ పరికరం ప్రభావంలో లింగ వివక్ష ఉందని వాళ్ళు వ్యాసం పేరులోనే రాశారు. 2020లో కే స్టానీ బృందం ఇంకో వైపు నుంచి చూసింది. రెండు కంటిపాపల మధ్య దూరం మనిషికో రకం, పెద్దవాళ్ళలో సగటున 63 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఆడవాళ్ళలో అది కాస్త తక్కువ. అద్దాల మధ్య దూరం ఆ కొలతకి సరిపడనివాళ్ళకే ఎక్కువ బాధ అనీ, సరిగ్గా అమిరితే ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ తేడా పోతోందనీ ఆ బృందం తేల్చింది. చర్చ అక్కడితో ముగియలేదు. కానీ ఆ ముందటేడు, అంటే 2019లో వచ్చిన రిఫ్ట్ ఎస్‌లో అద్దాల దూరం 63.5 మిల్లీమీటర్ల దగ్గర బిగించేసి ఉందని గుర్తుచేసుకుంటే చాలు. ఒక సగటు తల కోసం వస్తువు చేసి, ఆ వస్తువు పట్టని తలకి రోగం అంటగట్టాం.

"పడదు" అనే మాట ఇక్కడ సైన్సు కంటే వెనకబడి లేదు. చెప్పు కరిస్తే "నా కాలికి రోగం" అని ఎవరూ అనరు కదా.

*

ఇప్పుడు సాహిత్యం వైపు వద్దాం. ఒక కళారూపానికి వ్యాకరణం ఎలా తయారవుతుంది? సినిమాకైతే కెమెరా బరువు, రీలు పొడుగు, కోతకీ కోతకీ మధ్య ప్రేక్షకుడి జ్ఞాపకం కలిసి తయారుచేశాయి. వీఆర్‌కి ఆ పని వికారం చేసింది. కెమెరా దానంతటది తిరగకూడదు. జూమ్ అసలే కుదరదు. చూసేవాడి తలని దర్శకుడు పట్టుకుని ఊపకూడదు. హాఫ్ లైఫ్ అలిక్స్ (2020) ఆటలో నడక పడనివాళ్ళు చుక్క పెట్టిన చోటికి మాయమై తేలవచ్చు. బీట్ సేబర్‌లో మనిషి నిలబడ్డ చోటే ఉంటాడు, దిమ్మెలే అతని మీదికి వస్తాయి. మెటా దుకాణంలో ప్రతి అనుభవానికీ హాయి, మధ్యస్థం, తీవ్రం అని కడుపు కొలతతో ఒక ముద్ర ఉంటుంది. ఇంకే కళకైనా ఇలాంటి ముద్ర ఉందేమో నాకు తట్టడం లేదు.

ఈ వ్యాకరణం తెలిశాక, గొప్పవని పేరొచ్చిన వీఆర్ కథనాలు కొంచెం వేరేగా కనిపిస్తాయి. 'క్లౌడ్స్ ఓవర్ సిడ్రా' తీసుకోండి. గాబో అరోరా, క్రిస్ మిల్క్ ఐక్యరాజ్యసమితి కోసం తీశారు, 2015 జనవరిలో దావోస్‌లో చూపించారు. జోర్డాన్‌లోని జాతరీ శిబిరంలో ఉన్న పన్నెండేళ్ళ సిరియా అమ్మాయి తన బడి, ఇల్లు, ఆటలు చూపిస్తుంది. ఎనిమిదిన్నర నిమిషాలు. దాదాపు ప్రతి దృశ్యంలోనూ కెమెరా ఒకచోట నిలబడే ఉంటుంది, పిల్లలు దాని చుట్టూ మూగుతారు. ఆ నిలకడలో ఒక వినయముందని మెచ్చుకోవచ్చు, నేనూ మెచ్చుకుంటాను. కానీ ఆ వినయంలో సగం వాటా ప్రేక్షకుడి లోపలి చెవిది. కెమెరా పిల్లల వెంట పరిగెత్తి ఉంటే దావోస్ పెద్దమనుషులు శరణార్థుల కోసం కంటే ముందు బకెట్ కోసం వెతుక్కునేవాళ్ళు.

అదే ఏడు క్రిస్ మిల్క్ టెడ్ వేదిక మీద వీఆర్‌ని సహానుభూతి యంత్రాల్లో అంతిమమైనదన్నాడు. పెట్టుకుంటే చాలు, ఇంకొకరి బాధ మీదవుతుందని. మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ బ్లూమ్ 2017లో దీనికి గట్టిగా అడ్డుపడ్డాడు. శరణార్థి బాధలో ముఖ్యమైనదే అందులోంచి బయటికి రాలేకపోవడం, హెడ్‌సెట్‌నేమో ఎప్పుడంటే అప్పుడు తీసేయొచ్చు అని అతని వాదన సారం. సరైన వాదనే. దానికి నేను కలిపేది ఒకటుంది. బాధ చూపించే యంత్రం తన సొంత బాధ ఒకటి పుట్టిస్తే, ఆ రెండిట్లో ఏది ముందు మనిషిని పట్టుకుంటుంది?

దీనికి జవాబు మన దగ్గర వెయ్యేళ్ళ కిందే ఉంది. నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు రసానికి అడ్డొచ్చే విఘ్నాలు ఏడు చెప్పాడు. అందులో ఒకటి నిజసుఖాది వివశీభావం. అంటే చూసేవాడు తన సొంత సుఖదుఃఖాల్లో చిక్కుకుపోయి ఉండటం. అలాంటివాడికి రసం అందదు. పాటలు, వాయిద్యాలు, అలంకరించిన మండపం అన్నీ ఆ చిక్కు విప్పడానికేనని అంటాడు. కడుపులో తిప్పుతున్నవాడి కంటే ఎక్కువగా తనలో తాను చిక్కుకున్నవాడు ఎవడుంటాడు? ప్రేక్షకుణ్ణి తన ఒంటిని మరిచిపోయేలా చేయడం నాటకం పని అని ఆయన అనుకున్నాడు. ప్రేక్షకుడి ఒంటిని దృశ్యం మధ్యలోకి లాగడం తమ పని అని వీఆర్ వాళ్ళు అనుకున్నారు. లాక్కొచ్చారు, ఒళ్ళు తిరగబడింది.

దీన్ని దాటిన పని ఒకటి చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఇనారిటు 'కార్నె ఇ అరేనా' 2017లో కాన్ ఉత్సవంలో పెట్టాడు, ఆ ఏడాదే ఆస్కార్ వాళ్ళు దానికి ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. మెక్సికో సరిహద్దు దాటే వలస మనుషుల మధ్యకి మనం వెళ్ళాలి. చెప్పులు విప్పి, నిజమైన ఇసుక పరిచిన పెద్ద గదిలో, నిజంగా నడుస్తూ చూడాలి. కాలు కదిలితేనే దృశ్యం కదులుతుంది. కన్ను, చెవి, పాదం ముగ్గురూ ఒకే మాట చెబుతారు. ఆ ఇసుక కవిత్వం కోసం పోసినదే, కానీ శరీరంతో రాజీపత్రం కూడా అదే. దీనికి అయ్యే ఖర్చు వేరే సంగతి, ఆ గది మార్కాపురం దాకా రాదు. ఏ.ఆర్. రెహమాన్ 'లే మస్క్' (2022లో కాన్‌లో చూపించారు) ఇంకో దారి పట్టింది, వాసనతో పాటు కదిలే కుర్చీని కూడా తెచ్చింది. కన్ను కదిలినప్పుడు ఒంటినీ కదిలించడం. ఒక రకంగా, మలుపుల వీడియోతో పాటు బస్సుని కూడా తెచ్చుకోవడం.

మన దగ్గరా ప్రయత్నం జరిగింది. రాజమౌళి బృందం, అప్పట్లో ఏఎండీ గ్రాఫిక్స్ విభాగం నడిపిన తెలుగువాడు రాజా కోడూరి కలిసి 'ది స్వోర్డ్ ఆఫ్ బాహుబలి' అనే వీఆర్ కథనం తలపెట్టారు, 2017లో ట్రైబెకా ఉత్సవంలో అది కనిపించింది. (1968లో ఐవాన్ సదర్లాండ్ చేసిన తొలి హెడ్‌సెట్ పైకప్పు నుంచి వేలాడేది, దానికి డమోక్లిస్ కత్తి అని పేరు పడింది. ఈ రంగం కత్తితో మొదలై కత్తి దగ్గరికే వచ్చింది.) నాకు ఇక్కడ ఆసక్తి ఆ కథనం మీద కంటే అసలు సినిమా మీద. 2015 బాహుబలిలో శివుడు జలపాతం ఎక్కే ఘట్టం గుర్తుచేసుకోండి. కెమెరా కొండ అంచు దాటి లోయ మీదికి వాలుతుంది, మనిషితో పాటు గాల్లోకి లేస్తుంది. థియేటర్లో మనకి ఒళ్ళు జలదరించింది గానీ వాంతి రాలేదు. ఎందుకంటే ముందువరస తలలు కదల్లేదు, తెర అంచు కదల్లేదు, తలుపు మీద ఎర్ర దీపం కదల్లేదు. మనం పడిపోవడం లేదని ఆ హాలు మనకి క్షణక్షణం సాక్ష్యం చెప్పింది. ఆ సాక్ష్యం ఉండబట్టే కెమెరాకి అంత స్వేచ్ఛ. హాలుని తీసేస్తే రాజమౌళి కెమెరా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. చట్రం ఊహకి సంకెల అనుకున్నాం, అది ఊహని మోసే పీట.

*

ఒక అభ్యంతరం నాకే తోచింది. ఘాట్ రోడ్డులో పుస్తకం చదివినా వాంతి వస్తుంది కదా, మరి పుస్తకాన్ని ఎందుకు వదిలేశావు?

నిజమే, వస్తుంది. ఇంటర్ సెలవుల్లో శ్రీశైలం బస్సులో నవల తెరిచి నేనూ అనుభవించాను. కానీ అక్కడ కదలిక బస్సుది, పుస్తకానిది కాదు. అదే నవల వసారాలో చదివితే ఏమీ కాదు. వీఆర్‌లో కదలికే కథనం, దాన్ని వదిలేసి చదువుకోవడానికి వేరే వసారా లేదు.

ఇంతకంటే ముఖ్యమైన తేడా ఇంకోటుంది. ఘాట్ రోడ్డులో వాంతి రానివాడు డ్రైవరు. అతని లోపలి చెవీ మనలాంటిదే, మలుపులూ అవే. కానీ మలుపు ఎప్పుడొస్తుందో అతనికి ముందే తెలుసు, ఎందుకంటే తిప్పేది అతనే. నవల చదివేవాడు డ్రైవరు లాంటివాడు. పేజీ తిప్పేది అతను. నచ్చకపోతే ఆగుతాడు, వెనక్కి వెళ్తాడు, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తాడు. దారి రచయిత వేసిందే, స్టీరింగ్ మాత్రం అతని చేతిలో ఉంటుంది. నువ్వు లోపల ఉన్నావని వీఆర్ చెబుతూనే నిన్ను ప్రయాణికుణ్ణి చేస్తుంది. లోపల ఉండటం వేరు, నడపడం వేరు. ఈ తేడాని మెదడు కంటే ముందు కడుపు పట్టేస్తుంది.

అందుకే వీఆర్ కథనాలని సమీక్షించేవాళ్ళని ఒకటి అడగాలనిపిస్తుంది. ఎంత లీనమయ్యారో రాసేటప్పుడు ఎన్నో నిమిషంలో తీసేయాలనిపించిందో కూడా రాయండి. మీ పక్కన ఎవరికి పడలేదో రాయండి. నవల మధ్యలో వదిలేసిన పాఠకుడి మాటకి విమర్శలో విలువ ఇస్తాం. హెడ్‌సెట్ మధ్యలో తీసేసినవాళ్ళ మాటకి కూడా అంత విలువ ఇవ్వాలి. ఇప్పుడు వీఆర్ గురించి రాసేవాళ్ళంతా దాదాపుగా పడినవాళ్ళే. పడనివాళ్ళు మొదటి పది నిమిషాల్లోనే వెళ్ళిపోయారు, వాళ్ళ మాట ఎక్కడా నమోదు కాలేదు. బస్సు పడినవాళ్ళు మాత్రమే రాసిన శ్రీశైల యాత్రా చరిత్ర ఎలా ఉంటుందో ఊహించుకోండి.

*

ఫిబ్రవరిలో అమ్మని శ్రీశైలం తీసుకెళ్ళాను. కారులోనే, ముందు సీట్లో కూర్చోబెట్టి, దారి చూస్తూ ఉండమన్నాను. దోర్నాల దాటాక రెండుసార్లు ఆపాల్సొచ్చింది. శిఖరేశ్వరం దగ్గర దిగాం. అక్కడ ఒక పాత ఆచారం ఉంది. నువ్వులు పోసి, చిన్న నందిని చేత్తో తిప్పి, దాని రెండు కొమ్ముల మధ్య నుంచి దూరంగా శ్రీశైల శిఖరాన్ని చూడాలి. అది కనిపిస్తే మళ్ళీ జన్మ ఉండదంటారు.

అమ్మ వంగి చాలాసేపు చూసింది. తనే నందిని కాస్త అటూ ఇటూ తిప్పుకుంది. కొమ్ముల మధ్య చూపు ఇరుకు, శిఖరం చాలా దూరం, కాళ్ళు నేల మీద. "కనబడిందా?" అని అడిగాను.

"ఉండు నాయనా, ఇంకా తిప్పనీ" అంది.